నికోసియాలో సయోధ్య సదస్సుకు వెళ్తున్నాను. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు?

గోదారిగట్టు లాయరు:

అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తాను, ఇరవై రెండేళ్ళయింది. అన్నీ సివిలు కేసులే. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, బోదె (చేల మధ్య చిన్న కాలువ) నీళ్ళ గొడవలు. లోక్ అదాలత్ బెంచీలో సభ్యురాలిగా కూడా కూర్చుంటాను. ఆ అనుభవం మీద ఎప్పుడో ఇంగ్లీషులో రాసిన వ్యాసం ఎవరి కంట్లో పడిందో గానీ, వచ్చే నెల సైప్రస్ రాజధాని నికోసియాలో జరిగే మూడు రోజుల సదస్సుకు పిలుపు వచ్చింది. రెండుగా చీలిన గడ్డ మీద జనం మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా చేయడం ఎలా అన్నది విషయం. నాకు పన్నెండు నిమిషాలు ఇచ్చారు, ఊళ్ళలో రాజీలు ఎలా కుదురుతాయో చెప్పమన్నారు.

నా ఇబ్బంది ఆ మాటతోనే మొదలైంది. రాజీ అంటే మాకు కాగితం. రెండు పార్టీలూ సంతకాలు పెడతారు, అవార్డు ఇస్తాం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఫైలు మూసేస్తాం. వాళ్ళు ఇంగ్లీషులో రాసిన మాట రికన్సిలియేషన్, అది వేరు. దానికి దగ్గరగా తెలుగులో సయోధ్య అంటాం, సఖ్యత అంటాం. ఆ రెండూ మా ఫైళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

ఇంకా కొన్ని సందేహాలున్నాయి. అక్కడి రెండు వర్గాల్నీ ఏమని పిలవాలి? మన రాష్ట్ర విభజన ఉదాహరణగా చెప్పమని మావాడు పోరుతున్నాడు, చెప్పొచ్చా? ఉత్తరం వైపు వెళ్ళి రావడానికి మన పాస్‌పోర్టుతో ఏమైనా తంటా ఉందా? పూతరేకులు పట్టుకెళ్దామనుకుంటున్నాను, అంత దూరం ఆగుతాయా?

ఖమ్మం కాఫీ:

విభజన గురించే చెప్పండి మేడం, అందులో ఆలోచించేదేముంది? 2014 జూన్ 2న విడిపోయినం, పదేళ్ళు హైదరాబాద్ ఉమ్మడి రాజధాని. ఇప్పటికీ ఆస్తుల లెక్కలు తెగలేదు కానీ సంక్రాంతికి అందరూ అటూ ఇటూ తిరుగుతనే ఉన్నరు. నికోసియా కూడా రెండు వైపులకూ రాజధానే కదా. మనకన్నా మంచి ఉదాహరణ వాళ్ళకు ఎక్కడ దొరుకుతది?

హద్దురాయి:

మేడం, ఆ పోలిక వద్దు. ఖమ్మం అన్నా, ఏమనుకోకు. మనం పంచుకున్నది కుర్చీలు, నీళ్ళు, అప్పులు. వాళ్ళు ఇంకా ఎముకలు వెతుక్కుంటున్నారు. పీహెచ్‌డీ పని మీద ఏడు నెలలు నికోసియాలో ఉన్నాను. వచ్చిన కొత్తలో నేనూ ఓ కాఫీ బల్ల దగ్గర ఇదే పోలిక తెచ్చాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మర్యాదగా విని, "మీ వాళ్ళు ఎంతమంది కనబడకుండా పోయారు?" అని అడిగాడు. ఆ తర్వాత ఆ పోలిక ఎక్కడా ఎత్తలేదు.

వెళ్ళే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ రెండు వైపులా కథ వేర్వేరు సంవత్సరాల్లో మొదలవుతుంది. 1960లో బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. మూడేళ్ళు దాటాయో లేదో, 1963 డిసెంబరులో రెండు వర్గాల మధ్య కొట్లాటలు. నికోసియా మ్యాపు మీద ఒక బ్రిటిష్ జనరల్ ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు, గ్రీన్ లైన్ అన్న పేరు అక్కణ్ణుంచే. 1964 మార్చి నుంచి ఐక్యరాజ్యసమితి సైన్యం ఉంది, ఇప్పటికీ ఉంది. టర్కిష్ సైప్రియట్లను కదిపితే ఈ 1963 నుంచి మొదలుపెడతారు, ఇరుకు పేటల్లో దిగ్బంధంలో బతికిన పదకొండేళ్ళు చెబుతారు. గ్రీక్ సైప్రియట్లను కదిపితే 1974 నుంచి. జులై 15న గ్రీసులోని సైనిక ప్రభుత్వం అండతో సైప్రస్ అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర, 20న టర్కీ సేన దిగడం, ఆగస్టులో రెండో విడత, ఉత్తరాన ద్వీపంలో మూడో వంతు కన్నా ఎక్కువ టర్కీ సేన చేతికి పోవడం, లక్షన్నర మందికి పైగా ఇళ్ళు వదిలి దక్షిణానికి పరుగెత్తడం. దక్షిణం బడి పిల్లల నోటుబుక్కు అట్టల మీద కూడా "మరిచిపోను" అని గ్రీకులో అచ్చు వేసేవాళ్ళు. ఉత్తరంలోనూ అదే అర్థం వచ్చే టర్కిష్ నినాదం ఉంది. మరిచిపోకూడని సంవత్సరం ఒక్కటే వేరు.

అందుకని ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ కథ ఏ ఏడాదితో మొదలైందో చూడండి చాలు. మీరు సరిదిద్దకండి.

పిలుపుల సంగతి. గ్రీకులు, టర్కులు అనకండి, అలా అంటే గ్రీసు వాళ్ళూ టర్కీ వాళ్ళూ అవుతారు. గ్రీక్ సైప్రియట్లు, టర్కిష్ సైప్రియట్లు అనండి. 1974ను దక్షిణం దండయాత్ర అంటుంది, ఉత్తరం అధికారికంగా శాంతి ఆపరేషన్ అంటుంది. మీరు "1974 వేసవి" అనేసి ముందుకు పోండి. 1983 నవంబరులో ఉత్తరం ప్రకటించుకున్న దేశాన్ని టర్కీ ఒక్కటే గుర్తించింది, కాబట్టి "రెండు దేశాలు" అన్న మాట నోట రానివ్వద్దు. "ద్వీపంలో రెండే వర్గాలు" అని కూడా అనకండి. మారొనైట్లు, ఆర్మీనియన్లు, లాటిన్లు ఉన్నారు. ప్రతి సభలోనూ వాళ్ళలో ఒకరు లేచి మేమూ ఉన్నామండీ అని గుర్తు చేయాల్సి వస్తుంది. పాపం, నవ్వుతూనే అంటారు.

దాటడం సంగతి. దక్షిణం విమానాశ్రయంలోనే దిగండి, అక్కడి నుంచే తిరిగి రండి. ఉత్తరంలోని ఎర్జాన్‌లో దిగితే దక్షిణం ప్రభుత్వం లెక్కలో అక్రమ ప్రవేశం. దిగాక లెడ్రా వీధి మీదుగా నడిచే దాటొచ్చు, 2008 ఏప్రిల్‌లో తెరిచారు. ఒక కౌంటరు దగ్గర పాస్‌పోర్టు, కాస్త దూరం నడక, మళ్ళీ ఇంకో కౌంటరు దగ్గర పాస్‌పోర్టు. ఇటు కాఫీ చక్కెర లేకుండా కావాలంటే "స్కెట్టో" అనాలి, అటు "సాదే" అనాలి. అదే గిన్నె, అదే పొడి, అదే మడ్డి. ఆ సాదే మన సాదా దోశలో సాదాయే. ఇది మాత్రం మీ ఉపన్యాసంలో వాడుకోండి, ఎవరికీ కోపం రాదు.

మన వాళ్ళ సంబంధం ఒకటుంది, దాన్ని నిస్సంకోచంగా ఎత్తొచ్చు. జనరల్ తిమ్మయ్య అక్కడి ఐక్యరాజ్యసమితి సేనకు అధిపతిగా ఉంటూ 1965 డిసెంబరులో అక్కడే పోయారు. లార్నకాలో ఆయన పేరు మీద రోడ్డుంది, ఆయన బొమ్మతో 1966లో తపాలా బిళ్ళ వేశారు.

గోదారిగట్టు లాయరు:

చాలా కృతజ్ఞతలండీ, మావాడికి చదివి వినిపించాను. షెడ్యూలు ఇవాళే వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం, కనబడకుండా పోయినవాళ్ళ అవశేషాలు గుర్తుపట్టే ప్రయోగశాల చూపిస్తారట, నలభై నిమిషాలు. ఆ తర్వాత రెండు వైపులకీ మధ్య ఐక్యరాజ్యసమితి కాపలా ఉన్న బఫర్ జోన్‌లో విందు. మనిషి ఎముకలు చూసొచ్చి విందులో కూర్చోవడం నాకు ఎలాగో ఉంది. వెళ్ళాలా మానాలా?

హద్దురాయి:

వెళ్ళండి. 1981లో రెండు వర్గాలూ ఐక్యరాజ్యసమితితో కలిసి పెట్టుకున్న కమిటీ అది. చిట్టాలో 2,002 పేర్లు, 1,510 మంది గ్రీక్ సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. అసలు తవ్వకాలు 2006లో గానీ ఊపందుకోలేదు. ఇప్పటికి వెయ్యి మందికి పైగా గుర్తించి ఇంటివాళ్ళకు అప్పగించారు. లాయరుగా మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఎవరు చంపారు, ఎలా చచ్చారు అన్నది ఆ కమిటీ తేల్చకూడదు, దాని నిబంధనల్లోనే ఉంది. తప్పు ఎవరిదో రాయని తీర్పు అనుకోండి. దీని మీద అక్కడ తిట్టేవాళ్ళున్నారు. అలా రాసుకోకపోతే గొయ్యి చూపించడానికి ఒక్కడూ ముందుకు రాడనేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటివాళ్ళ వైపు వెళ్ళి, రెండోవాళ్ళ వైపు తిరిగొచ్చాను.

రాజోలు పిల్ల:

మేడం గారూ నమస్తే. నేను పెద్ద చదువులు చదువుకోలేదండి, తప్పులుంటే మన్నించండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏజెంటుకి డబ్బు కట్టి 2009లో సైప్రస్ వెళ్ళాను. చెప్పిన జీతం వేరు, అక్కడ చేతికొచ్చింది వేరు, ఆ కథ ఇప్పుడొద్దు లెండి. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఒక పెద్దావిడని చూసుకున్నాను. అందరూ యాయా అనేవాళ్ళు, అంటే నానమ్మ. నేనూ అదే అనేదాన్ని. నికోసియా చివర కాందిశీకుల కాలనీలో ఇల్లు. ఆవిడ సొంతూరు లాపిథోస్, ఉత్తరాన సముద్రం పక్కన. నిమ్మతోటల ఊరు. రాత్రిపూట మా వంటింటి కిటికీలోంచి చూస్తే అవతల కొండ మీద గీసిన ఉత్తరం వాళ్ళ పెద్ద జెండా లైట్లతో వెలుగుతా ఆరుతా ఉండేది. యాయా ఆ కిటికీకి తెర వేయించింది. పగలు కూడా తీయనిచ్చేది కాదు.

దార్లు 2003లో తెరిచారంట, ఆవిడ ఏడేళ్ళు వెళ్ళలేదు. అప్పట్లో అటు వెళ్ళాలంటే ఒక చీటీ మీద పేరు రాసి ముద్ర వేయించుకోవాలి. "మా ఊరికి నాకు వీసా ఏంటి" అనేది. 2010లో, జనవరి నెలలో, కొడుకు బతిమాలితే సరే అంది. నన్నూ తీసుకెళ్ళారు, మందుల సంచీ నా దగ్గరే కదండి. చీటీ మీద కొడుకే రాశాడు, ఆవిడ అటు తిరిగి నిలబడింది.

ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు టర్కిష్ వాళ్ళే గానీ వాళ్ళదీ ఆ ఊరు కాదండి. దక్షిణాన పాఫోస్ వైపు ఇల్లూ పొలం వదిలేసి వచ్చినవాళ్ళు. ఇంటాయనకి గ్రీకు బాగా వచ్చు. లోపలికి రమ్మన్నారు. యాయా గుమ్మం దగ్గర ఆగి గోడ తడిమి చూసుకుని లోపలికెళ్ళింది. కాఫీ తాగింది. తినడానికి పెట్టింది ముట్టుకోలేదు. వంటింట్లో ఇంటావిడ చేమదుంపలు చేస్తోంది. నేను ఆశ్చర్యపోయానండి, అచ్చం మన చేమదుంపలే, అవి కాస్త పెద్దవి. వాళ్ళు కొలొకాసి అంటారు, ఈవిడ కొలొకాస్ అంది. మనం తొక్కతో ఉడకబెట్టి వలుస్తాం కదండి, వాళ్ళు పచ్చిదే తొక్క తీసి, నీళ్ళు తగలనివ్వకుండా గుడ్డతో తుడిచి, కత్తి కొంచెం దించి మెలితిప్పి ఠక్కున విరుస్తారు. కోస్తే జిగురొస్తదంట. యాయా అక్కడే నిలబడి రెండు దుంపలయ్యేదాకా చూసింది. ఏమీ అనలేదు.

వచ్చేటప్పుడు సంచీడు నిమ్మకాయలు ఇచ్చారు. కారులో గంటసేపు ఎవరూ నోరెత్తలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతా అంది, "కొలొకాసి సరిగ్గానే విరుస్తోంది" అని. అంతేనండి. ఆ నిమ్మకాయలు పిండనివ్వలేదు, పారేయనివ్వలేదు. నెల తర్వాత బూజు పట్టాక నేనే పారేశాను. చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇప్పుడు మీరడిగింది. ఆవిడ తమ్ముడు 74లో పోయాడు, పంతొమ్మిదేళ్ళు. 2012లో ఫోన్ వచ్చింది. రక్తం ఎప్పుడో ఇచ్చి ఉన్నారు, దాంతో కలిసిందంట. ఆ ల్యాబుకే వెళ్ళాం. పాత ఎయిర్‌పోర్టు వైపు, ఐక్యరాజ్యసమితి వాళ్ళ గేటు దాటి. ఒక గదిలో బల్ల మీద అతన్ని పేర్చి పెట్టారండి. తల దగ్గర తల, చేతుల దగ్గర చేతులు. వేళ్ళ దగ్గర కొన్ని లేవు. ఇద్దరు అమ్మాయిలు తెల్లకోట్లలో, నా కన్నా చిన్నవాళ్ళే. ఏది ఎక్కడ దొరికిందో నెమ్మదిగా చెప్పారు. యాయా అదేం వినలేదు. పళ్ళు చూపించమంది. కిందవరసలో ఒక పన్ను మీదికి ఇంకోటి ఎక్కి ఉంది. దాని మీద వేలు పెట్టి "ఇదే, ఇదే" అంది. కాళ్ళు తేలిపోతుంటే వెనక నుంచి ఒక అమ్మాయి కుర్చీ జరిపింది, నీళ్ళు పట్టుకొచ్చి నా చేతికి కాదు, ఆవిడ నోటికే పెట్టింది. బయటికొచ్చాక కొడుకు చెప్పాడు, ఆ అమ్మాయి టర్కిష్ సైప్రియట్ అని.

ఆ వారం చర్చిలో అంత్యక్రియలు. చిన్న పెట్టె. గోధుమలు ఉడకబెట్టి, బాదంపప్పు, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి పంచుతారు. దానిమ్మకాయలు వలిచే పని నాది, గోళ్ళు వారం దాకా నల్లగా ఉన్నాయి. ఆ రాత్రి పడుకోబెడుతుంటే యాయా అంది, "ఆ పిల్లది ఏ ఊరో అడగాల్సింది." వాళ్ళకి అలవాటండి, మనకిలాగే. కొత్త మనిషి కనబడితే ముందు ఏ ఊరు అనే అడుగుతారు.

కలిసిపోయారా అంటే నేను చెప్పలేనండి. చచ్చిపోయేదాకా "వాళ్ళు" అనే అంది. తెర మాత్రం అలాగే ఉంది.

మీరు వెళ్ళండి మేడం గారూ. కాకపోతే ఆ గదిలో ఫోటోలు తీయొద్దు, మీతో వచ్చినవాళ్ళనీ తీయనివ్వద్దు. పూతరేకులు విమానంలో ఆగవండి, పొడైపోతాయి. తాపేశ్వరం కాజా పట్టుకెళ్ళండి.

ఖమ్మం కాఫీ:

నా ఉదాహరణ వాపసు తీసుకుంటున్న మేడం.

గోదారిగట్టు లాయరు:

వెళ్ళొచ్చి పది రోజులైంది. రాయాలి రాయాలి అనుకుంటూనే ఆలస్యమైంది.

పూతరేకులే పట్టుకెళ్ళాను, మొండిదాన్ని. సగం పొడైపోయాయి. ఆ పొడినే కాగితం గ్లాసుల్లో పోసి చెంచాలతో తిన్నారు. బియ్యం కాగితం మీద నెయ్యీ చక్కెరా అంటే ఎవరూ నమ్మలేదు.

సదస్సు గురించి చెప్పాలంటే, సగం ప్రసంగాలు నాకు ఎక్కలేదు. బొమ్మల్లో వృత్తాలు, బాణాలు. నమ్మకం నుంచి సంభాషణకు ఒక బాణం, సంభాషణ నుంచి నమ్మకానికి ఇంకో బాణం. వయసు మళ్ళినవాళ్ళు మాత్రం టీ విరామంలో మాట్లాడుకున్నారు. ద్వీపాన్ని మళ్ళీ కలిపే ప్రణాళిక మీద 2004లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ మాట వచ్చింది ఒకచోట. ఉత్తరంలో 65 శాతం ఔనన్నారు, దక్షిణంలో 76 శాతం కాదన్నారు, వారం తిరగ్గానే మే 1న దక్షిణం యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్ళిపోయింది. "మేం తలుపు తీశాం" అని ఒకావిడ, "ఆ తలుపు వెనక సైన్యం ఉంది కదా" అని ఇంకొకావిడ. గొంతులు లేచాయి. అంతలో కాఫీ వచ్చింది, ఇద్దరూ చక్కెర వద్దన్నారు, ఒకరు ఒకలా, ఒకరు ఇంకోలా. హద్దురాయి గారూ, మీ సాదా దోశ అక్కడే వాడేశాను. నవ్వారు. నవ్వాక మళ్ళీ 2004 దగ్గరికే వెళ్ళారు.

ల్యాబుకి వెళ్ళాను. మేం వెళ్ళిన గదిలో మూడు బల్లలు. ఒక బల్ల మీద ఎముకల పక్కన గోధుమరంగు కాగితం సంచీ, దాని మీద ఒక అంకె. కోర్టులో మెటీరియల్ ఆబ్జెక్టులకు (సాక్ష్యంగా తెచ్చిన వస్తువులకు) చీటీలు కట్టడం ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని, అయినా ఆ అంకె వైపు చూడలేకపోయాను. ఒకాయన ఫోన్ పైకెత్తాడు. రాజోలు అమ్మాయి చెప్పిందని గుర్తొచ్చి చేయి అడ్డం పెట్టాను. విందులో చాలాసేపు ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్నాను. పక్కనావిడ ఏమీ అడక్కుండా నా పళ్ళెంలో కాల్చిన హలూమి (అక్కడి జున్ను) ముక్క వేసింది. తిన్నాను.

నా పన్నెండు నిమిషాల్లో ఒక్క కేసే చెప్పాను. కాలువ శివారున ఇద్దరు అన్నదమ్ములు, మధ్య పంట బోదె. అన్న పైన, తమ్ముడు కింద. అన్న కట్ట వేస్తే తమ్ముడి చేలో నారు ఎండిపోయింది. పదకొండేళ్ళు కోర్టులో నలిగింది, ఒకసారి తలకాయలు పగిలాయి. లోక్ అదాలత్‌లో ఒక్క మధ్యాహ్నంలో తేల్చాం, వారానికి ఎవరికి ఎన్ని గంటల నీళ్ళో రాసి సంతకాలు పెట్టించాం. చప్పట్లు కొట్టారు.

ప్రశ్నల దగ్గర వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. ఉత్తరం నుంచి వచ్చినాయన, టోపీ చేతిలో పట్టుకుని టర్కిష్‌లో అడిగాడు. చెవిలో అనువాదం కొంచెం ఆలస్యంగా వచ్చింది. "సంతకం పెట్టాక వాళ్ళు ఒకరింట్లో ఒకరు భోంచేశారా?"

నాకు తెలియదు అని చెప్పాను. ఎప్పుడూ అడగలేదండి అన్నాను. ఆయన తల ఊపి కూర్చున్నాడు. తప్పు పట్టినట్టు కూడా లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ అవార్డు రాసి ఆరేళ్ళయింది.

ఇంటికి వచ్చిన మూడో రోజు పాత డైరీలో తమ్ముడి నంబరు వెతికి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తింది. నేనెవరో చెప్పాక చాలా సంతోషపడింది. బాగున్నారా అని అడిగి, బోదె సంగతి అడిగాను. "టైముకి వదుల్తున్నారండి, ఒక్క గంట కూడా తేడా రాలేదు. మాటలే లేవు" అంది.

ఈ ఆదివారం వెళ్ళి చూసొద్దామనుకుంటున్నాను. వెళ్ళి ఏం చేయాలో మాత్రం తోచడం లేదు. వకాలతు లేదు, ఫైలు లేదు.

రాజోలు పిల్ల:

ఏ ఊరండి మేడం గారూ అది? కాలువ శివారు అంటున్నారు, మా చెల్లెల్ని ఇచ్చింది అటువైపే.